ఇంటి అప్పు మార్పిస్తామంటూ ముందే ఫీజు: అమెరికా చట్టం గీసిన గీత ఎక్కడుంది?

క్లుప్తంగా: అమెరికాలో ఇంటి లోన్ షరతులు మార్పించి పెడతామని చెప్పే ప్రైవేటు సంస్థ, ఆ మార్పు కాగితం మీదికి వచ్చి ఇంటి యజమాని దానిపై సంతకం పెట్టేదాకా ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. అడగడం కూడా తప్పే. 2011 జనవరి 31 నుంచి ఇది దేశమంతటికీ వర్తిస్తోంది. లాయర్లకు షరతులతో మినహాయింపు ఉంది. కాలిఫోర్నియా మాత్రం లాయర్లను కూడా వదల్లేదు. చాలా మోసాలు ఈ మినహాయింపు చుట్టూనే తిరుగుతున్నాయి.

## అపరిచితుడికి సంగతి ఎలా తెలుస్తుంది

ఇంటి లోన్ వాయిదాలు తప్పితే బ్యాంకు నుంచి ఫోన్ రావడం మామూలే. కొన్నాళ్లకు ఎప్పుడూ పేరు వినని సంస్థల నుంచి కూడా ఉత్తరాలు, ఫోన్లు మొదలవుతాయి. బ్యాంకు పేరు, ఇంటి చిరునామా, వేలం తేదీ వాళ్లే చెబుతారు. ఇన్ని వివరాలు తెలిసినవాళ్లు బ్యాంకు తరఫునో ప్రభుత్వం తరఫునో మాట్లాడుతున్నారని ఇంటివాళ్లు నమ్మేస్తారు.

నిజానికి ఇందులో రహస్యం ఏమీ లేదు. న్యూజెర్సీ, న్యూయార్క్, ఇల్లినాయి వంటి రాష్ట్రాల్లో ఇంటిని ఫోర్‌క్లోజర్ చేయాలంటే, అంటే బాకీ కింద ఇంటిని అమ్మించాలంటే, బ్యాంకు కోర్టులో దావా వేయాలి. కాలిఫోర్నియాలో సాధారణంగా దావా అవసరం లేదు గానీ, కౌంటీ రికార్డుల్లో డిఫాల్ట్ నోటీసు, అంటే వాయిదాలు తప్పారన్న నోటీసు, నమోదు చేయాలి. టెక్సాస్‌లో వేలానికి కనీసం 21 రోజుల ముందు నోటీసును అందరికీ కనబడేలా పెట్టాలి. ఇవన్నీ ఎవరైనా చూడగలిగే రికార్డులు. వాటి నుంచి పేర్లు ఏరి జాబితాలు తయారుచేస్తారు. కష్టంలో ఉన్నవాడి చిరునామా అలా మార్కెట్లోకి వస్తుంది.

ఆ ఫోన్ సారాంశం దాదాపు ఒకటే: "మీ వడ్డీ తగ్గిస్తాం, వాయిదా సగం చేయిస్తాం, ముందు కొంత ఫీజు కట్టండి." చట్టం పట్టుకున్నది ఆ చివరి మాటనే.

## సర్వీసర్ అనే మధ్య పొర

అమెరికాలో లోన్ ఇచ్చిన బ్యాంకు దాన్ని చాలాసార్లు తన దగ్గరే ఉంచుకోదు. ఇంటి అప్పులను కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ వంటి సంస్థల ద్వారా ఆ అప్పులన్నీ మూటలుగా కట్టి పెట్టుబడిదారులకు అమ్ముడుపోతాయి. నెలనెలా వాయిదా వసూలు చేసేది, పన్నులు, ఇన్సూరెన్స్ లెక్కలు చూసేది సర్వీసర్ అనే మరో సంస్థ. అప్పు తీసుకున్న మనిషి మాట్లాడగలిగేది సర్వీసర్‌తోనే. తుది షరతులు మాత్రం అప్పు అసలు యజమాని రాసిన నియమాల ప్రకారమే ఉంటాయి.

2008 తర్వాత లక్షల కుటుంబాలు ఒక్కసారిగా వాయిదాలు తప్పినప్పుడు ఈ ఏర్పాటు కుప్పకూలింది. సర్వీసర్ల దగ్గర సరిపడా సిబ్బంది లేరు. పంపిన కాగితాలే మళ్లీ మళ్లీ పంపమన్నారు. ఒక విభాగం లోన్ మాడిఫికేషన్ (లోన్ షరతుల మార్పు) దరఖాస్తు పరిశీలిస్తుంటే ఇంకో విభాగం అదే ఇంటికి వేలం తేదీ ఖరారు చేసింది. చదవకుండానే ఫోర్‌క్లోజర్ పత్రాలపై సంతకాలు పెట్టిన వ్యవహారం బయటపడి, 2012 ఫిబ్రవరిలో ఐదు అతిపెద్ద సర్వీసర్లు కేంద్ర ప్రభుత్వంతో, 49 రాష్ట్రాలతో సుమారు 2,500 కోట్ల డాలర్ల ఒప్పందానికి రావాల్సి వచ్చింది.

ఈ నేపథ్యం మరిచిపోతే, ముందస్తు ఫీజు కట్టినవాళ్లు అమాయకులనో అత్యాశాపరులనో అనిపిస్తుంది. అది న్యాయం కాదు. బ్యాంకుకు 20 సార్లు ఫోన్ చేసినా సమాధానం రాని మనిషికి, మొదటి రింగుకే ఫోన్ ఎత్తి ఓపిగ్గా వినే గొంతు దేవుడిలా కనిపించడంలో వింత లేదు. సర్వీసర్ల నిర్లక్ష్యమే ఈ వ్యాపారానికి పెట్టుబడి అయింది.

## అమ్మడానికి వాళ్ల దగ్గర ఏముంది?

లోన్ మాడిఫికేషన్ చాలావరకు లెక్క ప్రకారం జరిగే పని. 2009లో ఒబామా ప్రభుత్వం తెచ్చిన హ్యాంప్ పథకంలో, వాయిదాను కుటుంబ స్థూల నెలసరి ఆదాయంలో 31 శాతానికి తేవాలన్నది లక్ష్యం. ముందు వడ్డీ తగ్గించాలి, చాలకపోతే కాలపరిమితి పెంచాలి, అదీ చాలకపోతే అసలులో కొంత భాగాన్ని వడ్డీ లేకుండా చివరికి జరపాలి. మెట్లు కూడా ముందే నిర్ణయించారు. దరఖాస్తుకు ఫీజు లేదు. ఆ పథకంలో కొత్త దరఖాస్తులు 2016 డిసెంబరు 30తో ఆగిపోయాయి. తర్వాత ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ అప్పులకు వచ్చిన ఫ్లెక్స్ మాడిఫికేషన్‌లోనూ వాయిదాను సుమారు 20 శాతం తగ్గించడం లక్ష్యంగా ఒక ఫార్ములా ఉంది.

ఫార్ములా నడిపే చోట పలుకుబడికి పెద్దగా చోటుండదు. "బ్యాంకులో మాకు మనుషులున్నారు" అనే మాటకు విలువ లేదు. బయటివాళ్లు నిజంగా చేయగలిగింది కాగితాలు సర్దడం, ఆదాయ వివరాలు సరిగ్గా చూపించడం, గడువులు గమనించడం, తిరస్కరిస్తే అప్పీలు రాయడం. అవి ఉపయోగపడే పనులే. కానీ కేంద్ర గృహనిర్మాణ శాఖ హడ్ ఆమోదించిన కౌన్సెలింగ్ కేంద్రాలు ఫోర్‌క్లోజర్ అంచున ఉన్నవాళ్లకు ఇవే పనులు ఉచితంగా చేస్తాయి. ఉచితంగా దొరికేదానికి వేల డాలర్లు రాబట్టాలంటే హామీ ఇవ్వాలి, హామీ తేలేలోపే డబ్బు చేతిలో పడాలి. ఈ వ్యాపారం ముందస్తు ఫీజు మీదే నిలబడింది, అది తీసేస్తే మిగిలేది తక్కువ.

## చట్టం ఎలా వచ్చింది

2009లో అమెరికా కాంగ్రెస్ ఇంటి అప్పుల రంగంలో నిబంధనలు రాసే అధికారాన్ని ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు, అంటే ఎఫ్‌టీసీకి ఇచ్చింది. ఆ అధికారంతో 2010 నవంబరులో వచ్చిందే మార్ట్‌గేజ్ అసిస్టెన్స్ రిలీఫ్ సర్వీసెస్ నిబంధన. వాడుకలో మార్స్ రూల్ అంటారు. ప్రకటనలు, వెల్లడింపులకు సంబంధించిన భాగాలు అదే ఏడాది డిసెంబరు 29న, ముందస్తు ఫీజు నిషేధం 2011 జనవరి 31న అమల్లోకి వచ్చాయి.

తర్వాత డాడ్-ఫ్రాంక్ అనే ఆర్థిక సంస్కరణల చట్టం వల్ల నిబంధనలు రాసే బాధ్యత 2011 జులైలో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీకి బదిలీ అయింది. అదే నిబంధనను ఆ సంస్థ రెగ్యులేషన్ ఓ పేరుతో తిరిగి ప్రచురించింది. పేరు మారినా సారం అదే. అమలు చేసే అధికారం సీఎఫ్‌పీబీ, ఎఫ్‌టీసీ, రాష్ట్రాల అటార్నీ జనరళ్లు మూడు వైపులా ఉంది. 2025 నుంచి సీఎఫ్‌పీబీ పనితీరు మీదే కోర్టుల్లో వివాదం నడుస్తున్నందున, మిగిలిన రెండు వైపుల బరువు పెరిగింది.

## ఫీజు తీసుకునే క్షణం

నిబంధన ఫీజు ఎంత ఉండాలో చెప్పదు. ఎప్పుడు తీసుకోవాలో చెబుతుంది. దాని బలం అంతా అక్కడే ఉంది.

"దరఖాస్తు పంపాం" అంటే సరిపోదు. "బ్యాంకు పరిశీలనలో ఉంది" అన్నా సరిపోదు. సర్వీసర్ లేదా అప్పు యజమాని నుంచి రాతపూర్వకమైన ఆఫర్ రావాలి. దాన్ని సంస్థ ఇంటి యజమానికి అందించాలి. ఆఫర్ నచ్చకపోతే వద్దనవచ్చని, వద్దంటే ఫీజు కట్టనక్కర్లేదని అప్పుడే రాసివ్వాలి. పాత షరతులకు, కొత్త షరతులకు తేడా ఏమిటో సర్వీసర్ రాసిన నోటీసు కూడా జతచేయాలి. అసలు ఎంత, వడ్డీ రేటు ఎంత, నెల వాయిదా ఎంత, ఇంకా ఎన్నేళ్లు, పాత బకాయి ఏమైంది అన్నవి అందులో ఉండాలి. ఇవన్నీ చూసుకుని ఇంటి యజమాని సర్వీసర్‌తో ఒప్పందంపై సంతకం పెడితే, అప్పుడు మాత్రమే ఫీజు అడిగే హక్కు పుడుతుంది.

లోన్ మాడిఫికేషన్ తరచూ ట్రయల్‌తో మొదలవుతుంది. హ్యాంప్‌లో సాధారణంగా మూడు నెలలు కొత్త వాయిదా సక్రమంగా కట్టాకే శాశ్వత మార్పు వచ్చేది. ట్రయల్ ఆఫర్ చూపించి "పని అయిపోయింది" అనే అవకాశం ఉంది కాబట్టి, అలాంటప్పుడు నోటీసులో మరో రెండు విషయాలు చెప్పాలి. శాశ్వత మార్పుకు అర్హత రాకపోవచ్చన్నది ఒకటి. రాకపోతే అప్పటికి నెత్తిన పడే బకాయిలు, ఫీజులు ఎంత ఉండవచ్చన్నది రెండోది.

నష్టం ఎవరి మీద పడుతుందో దీంతో తారుమారవుతుంది. ఉదాహరణకు నెల వాయిదా 2,400 డాలర్లు ఉన్న కుటుంబాన్ని తీసుకుందాం. ఫీజుగా 3,000 డాలర్లు ముందే ఇచ్చి, సంస్థ సలహాతో మూడు నెలలు వాయిదా కట్టడం ఆపేసింది. బ్యాంకు ఒప్పుకోకపోతే ఫీజు 3,000 పోయింది, బకాయి 7,200 పెరిగింది, ఆలస్య రుసుములు అదనం, క్రెడిట్ స్కోరు పడిపోయింది. సంస్థకు మాత్రం ఏ నష్టమూ లేదు. నిబంధన పాటిస్తే అదే సందర్భంలో సంస్థ తన శ్రమను కోల్పోతుంది, కుటుంబం ఫీజు కోల్పోదు. అందుకే గెలిచే అవకాశం లేని కేసును ముందే వద్దని చెప్పాల్సిన అవసరం సంస్థకు వస్తుంది.

ఈ రక్షణను ఇంటి యజమాని తనంతట తాను వదులుకోవడమూ కుదరదు. "ముందే ఫీజు ఇవ్వడం నాకు ఇష్టమే" అని కాగితం రాయించుకున్నా చెల్లదు. పైగా అలా రాయించుకోవడం, రాయించుకోవాలని చూడడం కూడా ఉల్లంఘనే.

## "కట్టకండి, బ్యాంకుతో మాట్లాడకండి"

ఈ రెండు సలహాలూ దాదాపు ప్రతి మోసంలోనూ వినిపిస్తాయి. వాయిదా కడుతూ ఉంటే ఫీజుకు డబ్బు మిగలదు కాబట్టి కట్టవద్దంటారు. బ్యాంకుకు ఫోన్ చేస్తే దరఖాస్తే రాలేదన్న సంగతి బయటపడుతుంది కాబట్టి మాట్లాడవద్దంటారు.

లెండర్‌తో (అప్పు ఇచ్చిన సంస్థతో), సర్వీసర్‌తో మాట్లాడవద్దని చెప్పడాన్ని నిబంధన పూర్తిగా నిషేధించింది. వాయిదా ఆపమన్న సలహాను మాత్రం నేరుగా నిషేధించలేదు. ఆ సలహా ఇచ్చేటప్పుడు ఇల్లు పోవచ్చు, క్రెడిట్ దెబ్బతినవచ్చు అని స్పష్టంగా హెచ్చరించాలంది. ఈ తేడా బలహీనతే. హెచ్చరిక చిన్న అక్షరాల్లో ఉంటుంది, సలహా మాత్రం నోటితో గట్టిగా వస్తుంది.

తమకు ప్రభుత్వంతో సంబంధం లేదని, తమ సేవను ప్రభుత్వం గానీ లెండర్ గానీ ఆమోదించలేదని, లెండర్ ఒప్పుకోకపోవచ్చని కూడా సంస్థ చెప్పాలి. ఆచరణలో జరిగేది దీనికి తలకిందులు. 2022 సెప్టెంబరులో ఎఫ్‌టీసీ, కాలిఫోర్నియా ఆర్థిక రక్షణ శాఖ కలిసి వేసిన ఒక దావాలో, ప్రభుత్వ కోవిడ్ సహాయ పథకాలతో సంబంధం ఉన్నట్టు నమ్మించి చట్టవిరుద్ధంగా ముందే ఫీజులు తీసుకున్నారన్నది ఆరోపణ. కొత్త పథకం పేరు వార్తల్లోకి వస్తే చాలు, పాత మోసం ఆ పేరు తగిలించుకుంటుంది.

## లాయర్ల మినహాయింపు

గందరగోళం ఎక్కువగా ఉన్నది ఇక్కడే. దివాలా కేసు వేయడం, ఫోర్‌క్లోజర్ దావాలో వాదించడం వంటి పనుల్లో లాయర్‌కు ముందే ఫీజు ఇవ్వడం మామూలు. దాన్ని కూడా ఆపేస్తే కోర్టులో నిలబడేవాళ్లు దొరకరు. అందుకే మినహాయింపు ఇచ్చారు. అయితే షరతులున్నాయి. ఆ సేవ న్యాయవాద వృత్తిలో భాగంగా ఉండాలి. క్లయింట్ ఉంటున్న రాష్ట్రంలో గానీ, ఇల్లు ఉన్న రాష్ట్రంలో గానీ లాయర్‌కు లైసెన్స్ ఉండాలి. ఆ రాష్ట్ర నియమాలు పాటించాలి. ముందుగా తీసుకున్న డబ్బును క్లయింట్ల డబ్బును విడిగా ఉంచే ట్రస్ట్ ఖాతాలో వేసి, ఆ ఖాతా నియమాల ప్రకారం పని చేసిన మేరకే బయటికి తీయాలి.

నిబంధన వచ్చాక మోసం రూపు మార్చుకుంది. కన్సల్టింగ్ కంపెనీ బోర్డు తీసేసి లా ఫర్మ్ బోర్డు పెట్టారు. ఒకచోట ఆఫీసు, దేశమంతా క్లయింట్లు. ఒక్కో రాష్ట్రంలో ఒక లాయర్ పేరు అరువు. ఫోన్లో మాట్లాడేది, కాగితాలు నింపేది లాయర్లు కాని సిబ్బంది. 2014 జులైలో సీఎఫ్‌పీబీ, ఎఫ్‌టీసీ, 15 రాష్ట్రాలు ఒకేసారి దావాలు వేసినప్పుడు సీఎఫ్‌పీబీ గురి ఇలాంటి లా ఫర్మ్‌ల మీదే. వాటిలో ఒకటి 2021 జులైలో ఏడో సర్క్యూట్ అనే కేంద్ర అప్పీలు కోర్టు దాకా వెళ్లింది. అసలు పని లాయర్లు చేయలేదు కాబట్టి న్యాయవాద వృత్తి మినహాయింపు వర్తించదన్న తీర్పును ఆ కోర్టు నిలబెట్టింది. ఎంత డబ్బు వసూలు చేయాలన్న భాగాన్ని మాత్రం మళ్లీ లెక్క చూడమని కింది కోర్టుకు పంపింది.

దీంతోపాటు రెండు రకాల సరుకు మార్కెట్లోకి వచ్చింది. ఒకటి "ఫోరెన్సిక్ లోన్ ఆడిట్": లోన్ పత్రాల్లో తప్పులు వెతికి పెడితే బ్యాంకు దిగొస్తుందన్న ఆశ. రెండోది, వందల మందిని ఒకే దావాలో చేర్చి బ్యాంకు మీద వేస్తామనే పద్ధతి. ఇల్లు దక్కుతుందన్న హామీతో వీటిని అమ్మితే, పేరు ఏదైనా వీటినీ ఇదే నిబంధనతో కొలవాలి.

## కాలిఫోర్నియా ఎందుకు ఇంకా కఠినం

కాలిఫోర్నియాలో 1979 నుంచే ఫోర్‌క్లోజర్ కన్సల్టెంట్ల మీద చట్టం ఉంది. లాయర్లకు అందులో మినహాయింపు. 2009 నాటికి ఆ మినహాయింపే తలనొప్పిగా మారింది. ఆ ఏడాది అక్టోబరు 11న అమల్లోకి వచ్చిన ఎస్‌బీ 94 చట్టం లాయర్లతో సహా ఎవరైనా సరే, ఒప్పుకున్న పనులన్నీ పూర్తయ్యేదాకా లోన్ మాడిఫికేషన్‌కు ఫీజు అడగకూడదంది. ఉల్లంఘన నేరం, ఏడాది దాకా జైలు, వ్యక్తికి 10,000 డాలర్ల దాకా జరిమానా ఉండవచ్చు.

కొందరు లాయర్లు పనిని ముక్కలు చేశారు. కాగితాలు సేకరించడానికి ఒక ఫీజు, దరఖాస్తు పంపడానికి ఇంకో ఫీజు, బేరానికి మరో ఫీజు. ఏ ముక్క పూర్తయితే దాని డబ్బు తీసుకుంటే తప్పేముందన్నది వాదన. లాయర్ల క్రమశిక్షణ కేసులు చూసే స్టేట్ బార్ కోర్టు దీన్ని ఒప్పుకోలేదు.

కేంద్ర నిబంధన ఫలితాన్ని చూస్తుంది, కాలిఫోర్నియా చట్టం పని పూర్తవడాన్ని చూస్తుంది. కాలిఫోర్నియాలో ఉన్న ఇంటికి రెండూ కలిసి పనిచేస్తాయి: లాయర్ కాని సంస్థ రెండు గీతలూ దాటాలి, లాయర్ కనీసం రాష్ట్రం గీసిన గీత దాటాలి.

## నిబంధన ఎక్కడిదాకా వెళ్తుంది

లోన్ మాడిఫికేషన్ ఒక్కటే కాదు. వాయిదాలు కొంతకాలం ఆపించడం, వేలం ఆపించడం, షార్ట్ సేల్ (బాకీ కన్నా తక్కువ ధరకు, లెండర్ ఒప్పుకోలుతో ఇల్లు అమ్మడం), ఇంటిని బ్యాంకుకే రాసిచ్చి బయటపడడం కూడా దీని కిందికి వస్తాయి. షార్ట్ సేల్‌లో సాయపడే రియల్ ఎస్టేట్ ఏజెంట్ల మీద చాలా భాగాలు అమలు చేయబోమని ఎఫ్‌టీసీ 2011 జులైలో ప్రకటించింది. ఇల్లు నాలుగు లేదా అంతకు తక్కువ యూనిట్లున్న నివాసం అయి, ప్రధానంగా సొంత కుటుంబ అవసరాలకు ఉండాలి. అద్దెకివ్వడానికే పెట్టుబడిగా కొన్న ఇల్లు ఈ నిర్వచనంలో ఇమడకపోవచ్చు. రెండో ఇల్లు అలా కొన్నవాళ్లు ఈ రక్షణ ఉందని ధీమాగా ఉండకూడదు.

ఇలాంటి ఆలోచన ఇతర చోట్ల కూడా ఉంది. క్రెడిట్ రిపోర్టు బాగుచేస్తామనేవాళ్లు పని పూర్తి కాకముందు డబ్బు తీసుకోకూడదని 1996 నాటి చట్టం చెబుతోంది. క్రెడిట్ కార్డు అప్పులు తగ్గిస్తామని ఫోన్లో అమ్మేవాళ్లకు 2010 అక్టోబరు 27 నుంచి అదే నియమం.

## మంచివాళ్లకూ దెబ్బేనా?

నిబంధన మీద ఉన్న విమర్శ ఇది: నెలల తరబడి పనిచేసి, బ్యాంకు కాదంటే ఖాళీ చేతులతో వెళ్లాల్సి వస్తే నిజాయతీగా సాయపడేవాళ్లు ఈ రంగంలో ఉండరు. ఇందులో కొంత నిజం ఉంది. ఫలితం సాయపడేవాడి చేతిలో పూర్తిగా ఉండదు. అయితే ఆ అనిశ్చితిని మోయాల్సింది ఎవరన్నది ప్రశ్న. అప్పటికే వాయిదా కట్టలేని కుటుంబం మీద దాన్ని వేయడం కన్నా, కేసు చూసి ఎంచుకోగల సంస్థ మీద వేయడమే సబబు.

పైగా 2014 జనవరి 10 నుంచి సర్వీసర్ల మీద వచ్చిన నియమాలు బయటివాళ్ల అవసరాన్నే తగ్గించాయి. వాయిదా తప్పిన 36 రోజుల్లోపు సర్వీసర్ మాట్లాడే ప్రయత్నం చేయాలి, 45 రోజుల్లోపు ఉత్తరం పంపాలి. సాధారణంగా బకాయి 120 రోజులు దాటేదాకా ఫోర్‌క్లోజర్ మొదలుపెట్టకూడదు. వేలానికి 37 రోజులకు మించి గడువు ఉండగా పూర్తి దరఖాస్తు అందితే 30 రోజుల్లో తేల్చాలి. అది తేలేదాకా ఇల్లు అమ్మకూడదు. చిన్న సర్వీసర్లకు వీటిలో కొన్నింటి నుంచి మినహాయింపు ఉంది.

## తెలుగు కుటుంబాల లెక్క

డాలస్ శివార్లలో, న్యూజెర్సీలో, బే ఏరియాలో హెచ్‌-1బీ వీసా మీద ఉంటూ ఇల్లు కొన్న తెలుగువాళ్లకు ఉద్యోగం పోతే రెండు గడియారాలు ఒకేసారి తిరగడం మొదలవుతుంది. కొత్త ఉద్యోగం గానీ వేరే దారి గానీ చూసుకోవడానికి వీసా నియమాలు గరిష్ఠంగా ఇచ్చేది 60 రోజులు. ఇంటి విషయంలో పైన చెప్పిన 120 రోజులు ఉన్నాయి, అదీ వాయిదా తప్పిన నాటి నుంచి. వీసా టెన్షన్‌లో ఈ రెండూ కలిసిపోయి, ఇల్లు కూడా 60 రోజుల్లో పోతుందన్న భయం పుడుతుంది. ఆ భయం ఉన్నప్పుడే "వెంటనే కడితే ఆపుతాం" అన్న మాట పనిచేస్తుంది. ఉద్యోగం పోయిన వారంలోనే, ఇంకా ఒక్క వాయిదా కూడా తప్పకముందే, సర్వీసర్‌కు ఫోన్ చేసి ఫోర్‌బేరెన్స్ (వాయిదాలు కొంతకాలం ఆపడం లేదా తగ్గించడం) అడగవచ్చు. దానికి ఫీజు ఉండదు.

పరిచయాల దారి కూడా గమనించాలి. తెలిసినవాళ్లు వాట్సాప్ గ్రూపులో పెట్టిన నంబరు అయినంత మాత్రాన నిబంధన సడలదు. ఉల్లంఘన జరుగుతోందని తెలిసీ, లేదా కావాలని కళ్లు మూసుకునీ, దానికి గణనీయంగా సాయపడినవాళ్లు కూడా బాధ్యులే. కమీషన్ తీసుకుని క్లయింట్లను పంపేవాళ్లకు ఇది తెలియాలి.

భారత్‌లో, తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ముందుగా 60 రోజుల డిమాండ్ నోటీసు ఇస్తుంది గానీ, అప్పు సెటిల్ చేయిస్తామనేవాళ్ల ముందస్తు ఫీజు మీద మార్స్ వంటి ప్రత్యేక నిబంధన లేదు. "రుణమాఫీ సర్టిఫికెట్" ఇస్తామని సర్వీసు, లీగల్ ఫీజులు వసూలు చేస్తున్నవాళ్లను నమ్మవద్దని రిజర్వ్ బ్యాంకు 2023 డిసెంబరు 11న ప్రజలను హెచ్చరించింది. హైదరాబాద్‌లో ఫ్లాట్ లోన్ ఉన్నవాళ్లకు ఉన్నది ఆ హెచ్చరిక, మామూలు మోసం, వినియోగదారుల చట్టాలు.

## ఇప్పటికే కట్టేసి ఉంటే

ఒప్పందం, రసీదు, మెసేజ్‌లు, ఫోన్ చేసిన తేదీలు దాచాలి. రాష్ట్ర అటార్నీ జనరల్‌కు, ఎఫ్‌టీసీకి, లాయర్ అయితే స్టేట్ బార్‌కు ఫిర్యాదు ఇవ్వవచ్చు. కార్డుతో కట్టి ఉంటే కార్డు కంపెనీ దగ్గర వివాదం నమోదు చేయవచ్చు. సంస్థ తన రికార్డులను 24 నెలలు ఉంచాలని నిబంధన చెబుతోంది కాబట్టి ఫిర్యాదు ఎంత త్వరగా వెళితే ఆధారాలు అంత దొరుకుతాయి. కానీ వేలం తేదీ పడి ఉంటే ఫిర్యాదు దాన్ని ఆపదు. సాధారణంగా దాన్ని ఆపగలిగేది గడువులోపు చేరిన పూర్తి దరఖాస్తు. అందువల్ల ఫిర్యాదు రాసే రోజే సర్వీసర్‌కు ఫోన్ చేసి, తన పేరు మీద దరఖాస్తు అసలు అందిందా, అందితే ఏ కాగితం తక్కువుందో అడిగి రాసుకోవాలి.